పాచికకు ఇరవై ఒక్క నువ్వులు

“ఒక్కటి ఒక డాలరు” అని నేను రాసిపెట్టిన చీటీ చూసి పక్క స్టాలు ఆవిడ ముఖం చిట్లించారు. డాలస్ శివార్లలో బోర్డు ఆటల అభిమానులు కలుసుకునే సమావేశం అది. ఆవిడ రెజిన్ పోసి చేత్తో చేసిన పాచికలు అమ్ముతారు, అదే ఆవిడకు జీవనాధారం. నావీ పాచికలే, కాకపోతే జీడిపప్పు బర్ఫీవి. చుక్కలకు నల్ల నువ్వులు అద్దుతాను. “సరదాకి అమ్మేవాళ్లు ధర ఇలా పడగొడితే, దీని మీద బతికే మేం జనానికి దోపిడీదారుల్లా కనిపిస్తాం” అన్నారు, అదీ కొనేవాళ్ల ముందే.

నాకు మనసు చివుక్కుమంది. సరదా ఏమిటి? ఇక్కడ ఉద్యోగం చేసే భర్తతో వచ్చిన భార్యకిచ్చే హెచ్4 వీసా మీద ఉన్నన్నాళ్లూ నాకు పనిచేసే అనుమతి లేదు. పండగలకు చేసి పంచడమే తప్ప ఎవరి దగ్గరా ఒక్క సెంటు పుచ్చుకోలేదు. గ్రీన్ కార్డు వచ్చాక మొదటిసారి నా చేతి వంటకు ధర కట్టాను. అదీ ఎక్కువేమో, ఎవరైనా ఏమైనా అనుకుంటారేమో అని మథనపడి కట్టిన ధర. మన దగ్గర మిఠాయికి తూకమే కదా లెక్క! జీడిపప్పు ఇంత, పంచదార ఇంత, నెయ్యి ఇంత, పైన కాస్త లాభం. ఇంట్లో చేసినదానికి కూలి కూడా కలిపానంటే మా పెద్దమ్మ నవ్విపోతుంది.

ఆవిడ అంతటితో వదల్లేదు. పాచికకు ఎన్ని చుక్కలని అడిగి అట్టముక్క మీద లెక్క వేశారు. ఆరు ముఖాలకూ కలిపి 21. ఎదురెదురు ముఖాల మొత్తం ఏడు రావాలి, తప్పితే ఆటగాళ్లు ఇట్టే పట్టేస్తారు. ప్రతి నువ్వునూ ట్వీజర్‌తో పట్టుకుని, మొన లోపలికి దిగేలా అద్దాలి. బర్ఫీ ఆరిపోతే నువ్వు రాలిపోతుంది, మరీ పచ్చిగా ఉంటే మునిగిపోతుంది. ఎంత చేయి తిరిగినా పాచికకు మూడు నిమిషాలు పడుతుంది. టెక్సస్‌లో కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, 2009 నుంచీ అంతే. ఆ లెక్కన చుక్కలకే 36 సెంట్లు. సరుకులకు ఇంకో 30. పాకం పట్టడం, డబ్బా, స్టాలు అద్దె ఇంకా కలపనే లేదు. లేబుల్ సంగతి సరేసరి. ఇంటి వంటగదిలో చేసిందని రాయాలి, జీడిపప్పుతో పాటు నువ్వుల పేరూ ఉండాలి. 2023 నుంచి ఇక్కడ నువ్వులూ అలెర్జీ జాబితాలో చేరాయి.

ఇంటికొచ్చినా ఆ లెక్క నన్ను వదల్లేదు. మాది ఆత్రేయపురం పక్క ఊరు. బోర్లించిన వేడి కుండ మీద, పిండిలో ముంచిన గుడ్డ పరిచి లాగి పూతరేకు తీసే ఆడవాళ్లను చూస్తూ పెరిగాను. వాళ్లకు వంద రేకులకు ఇంతని కూలి. 2023లో పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వస్తే ఇక్కడ మేమంతా ఫోన్లలో పంచుకుని మురిసిపోయాం. ఆ పొగలో కూర్చున్నవాళ్లకు కూలి ఏమైనా పెరిగిందా అని ఒక్కరమూ అడగలేదు. చేతికి వెల కట్టడం మన దగ్గరా ఉంది. ఆ వెల కట్టేది మాత్రం కొట్టు యజమాని.

వచ్చే సమావేశంలో నా పాచిక రెండున్నర డాలర్లు, నాలుగు పెట్టిన డబ్బా తొమ్మిది. ఆవిడ మాట ఒక్కటి మాత్రం వినను. రుచికి ముక్క పెట్టవద్దన్నారు, పెడితే అదే తిని వెళ్లిపోతారట. వెళ్తే వెళ్లనివ్వండి. ఎదురుగా నిలబడ్డ మనిషి చేతిలో ముక్క పెట్టకుండా మిఠాయి అమ్మడం మా ఇంటా వంటా లేదు. అంచులు విరిగిన పాచికలను అందుకే వేరే డబ్బాలో దాస్తున్నాను.