రెండు ఫిల్ముల నడుమ ఆరు రోజులు

2021 ఏప్రిల్ 26, సోమవారం సాయంత్రం నాకు జ్వరం మొదలైంది. హన్మకొండ నయీంనగర్‌లో ఉంటూ జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే నాకు అప్పటికి యాభై రెండేళ్లు. బీపీ, షుగర్ లేవు. మరునాడు చేయించుకున్న కరోనా ర్యాపిడ్ పరీక్షలో నెగెటివ్ వచ్చింది, ఆర్టీపీసీఆర్ ఫలితానికి నాలుగైదు రోజులు పడుతుందన్నారు. ఆ రోజుల్లో ఫోన్ చేసిన ప్రతివారూ జ్వరం ఎంత ఉందని కాక "స్కాన్‌ల ఎంతొచ్చింది?" అనే అడుగుతుండేవారు. ఊపిరితిత్తుల్లో జబ్బు ఎంత మేరకు పాకిందో చెప్పే సీటీ స్కాన్ స్కోరు, పరీక్షలో మార్కుల వలె అందరి నోళ్లలో నానుతున్న కాలమది. నేను కూడా డాక్టరు చీటీ లేకుండానే మూడో రోజు పొద్దున ఒక స్కానింగ్ సెంటరుకు వెళ్లి వరుసలో నిలబడ్డాను.

బల్ల మీద వెల్లకిలా పడుకుని చేతులు తల వెనక్కి చాపితే, యంత్రంలోంచి రికార్డు చేసిన గొంతు శ్వాస తీసుకోమని, బిగపట్టమని, వదలమని చెప్పింది. రెండు నిమిషాల్లో పని అయిపోయింది. సాయంత్రానికి వాట్సాప్‌లో వచ్చిన రిపోర్టులో 25కు 3 అని ఉంది. కౌంటరులోని మనిషిని ఫోన్‌లో అడిగితే "మైల్డే సార్, భయం లేదు" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో అందరి గుండె బరువు దిగిపోయింది. రక్తంలో ఆక్సిజన్ శాతం తెలుసుకునేందుకు రోజుకు నాలుగుసార్లు వేలికి పెట్టుకుంటున్న ఆక్సీమీటరును నేను ఆ రాత్రే టేబుల్ సొరుగులో పెట్టేశాను. ఈ జబ్బులో నేను చేసిన అతి పెద్ద పొరపాటు అదే.

వైరస్ వల్ల వచ్చే న్యుమోనియా ఊపిరితిత్తుల్లో ఒక్క రోజులో పూర్తిగా కనిపించదు. లక్షణాలు మొదలైన తొలి రెండు రోజుల్లో స్కాన్ తీస్తే చాలామందిలో ఏ మచ్చా ఉండదు. వాపు పెరుగుతూ పోయి సుమారు పదో రోజుకు గరిష్ఠానికి చేరుతుంది. కాబట్టి నాకొచ్చిన మూడు అనే అంకె మూడో రోజు ఉదయానికి మాత్రమే నిజం. ఎనిమిదో రోజు ఏమవుతుందో చెప్పే శక్తి దానికి లేదు. ఈ సంగతి నాకు చెప్పవలసిన వారెవరూ ఆ రోజు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఐదో రోజుకు జ్వరం తగ్గినట్టే తగ్గి ఏడో రోజు మళ్లీ వచ్చింది, పొడి దగ్గు పట్టుకుంది. పరకాలలోని మా బంధువు ఒకరు తమ ఆర్ఎంపీతో మాట్లాడి స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టమన్నారు గానీ నా భార్య ఒప్పుకోలేదు. ఆమె పట్టుదల ఎంత సరైనదో నాకు తర్వాత తెలిసింది. 2020 జూన్‌లో బ్రిటన్‌లోని 'రికవరీ' అనే పరిశోధన డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడుతుందని తేల్చింది నిజమే, కానీ అది ఆక్సిజన్ అవసరమైన రోగులకే. అవసరం లేనివారికి దానివల్ల మేలు కనిపించలేదు.

మే 3న టీవీలో ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా, స్వల్ప లక్షణాలున్నవారు సీటీకి పరుగెత్తవద్దని, ఒక్క సీటీ 300 నుంచి 400 ఛాతీ ఎక్స్‌రేలకు సమానమని చెప్పడం విన్నాను. ఇప్పటి యంత్రాల్లో రేడియేషన్ అంత ఉండదని రేడియాలజిస్టుల సంఘం ఆ లెక్కను ఖండించింది. నేను మాత్రం ఆ రాత్రి విన్న మాటతోనే భయపడి, ఇక ఏ పరీక్షకూ పోనని ఇంట్లో గట్టిగా చెప్పాను. అప్పుడే నర్సుగా పనిచేస్తున్న మా మేనకోడలు ఫోన్ చేసింది.

"మామా, స్కోర్ సంగతి తర్వాత. ఇంట్లనే ఆరు నిమిషాలు నడువు. నడిచినంక వేలికి మిషన్ పెట్టి ఎంతుందో నాకు చెప్పు."

హాల్లోంచి వంటింటి దాకా, వంటింట్లోంచి హాలు దాకా నడిచాను. మొదలుపెట్టేటప్పుడు 95 ఉన్న అంకె, ఆరు నిమిషాలు పూర్తికాకముందే 89కి పడిపోయింది. విచిత్రమేమంటే నాకు ఆయాసం పెద్దగా తెలియలేదు. నడక తర్వాత 94 కంటే కిందికి పోతే ఆసుపత్రికి రావలసిందేనని చెప్పి, ఆ పిల్ల రాత్రికి రాత్రే తనకు తెలిసిన ఒక ఆసుపత్రిలో మంచం మాట్లాడింది.

అక్కడి పల్మనాలజిస్టు, అంటే ఊపిరితిత్తుల డాక్టరు, మే 4 ఉదయం మళ్లీ స్కాన్ రాసినప్పుడు నేను టీవీలో విన్నది చెప్పాను. ఆమె ఓపికగా విని, "మొన్నటి స్కాన్ మీకు అవసరం లేకుండె సార్. ఇయ్యాల తీసేది ఏ మందు ఎంత ఇయ్యాలో తేల్చుకునేటందుకు" అన్నది. ఈసారి 25కు 14 వచ్చింది.

ఆమె రెండు ఫిల్ములనూ లైటు పెట్టె మీద పక్కపక్కన పెట్టి చూపించిన పది నిమిషాలు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. ముందు నేను దిక్కులే తప్పుగా చదివాను: అడ్డకోతలను రోగి కాళ్ల వైపు నుంచి చూస్తున్నట్టు అమరుస్తారు కనుక నా కుడి ఊపిరితిత్తి ఫిల్ములో ఎడమ పక్కన ఉంటుంది. ఊపిరితిత్తుల్లో కుడివైపు మూడు, ఎడమవైపు రెండు, మొత్తం ఐదు లోబ్‌లు, అంటే భాగాలు. జబ్బు ఒక్కో లోబ్‌లో ఎంత మేరకు పరుచుకున్నదో చూసి సున్నా నుంచి ఐదు దాకా వేస్తారు, అన్నీ కలిపితే 25. మొదటి ఫిల్ములో మూడు లోబ్‌లకు తలా ఒకటి పడింది. రెండో ఫిల్ములో కింది లోబ్‌లు రెండింటికీ నాలుగేసి, అంటే సగం దాటి జబ్బు పాకినట్టు. మిగిలిన మూడింటికీ రెండేసి.

తరగతిలో ఎక్స్‌కిరణాల పాఠం చెప్పేటప్పుడు, సీటీ యంత్రానికి గాను 1979లో హౌన్స్‌ఫీల్డ్, కార్మాక్ నోబెల్ పంచుకున్నారని ఏటా చెబుతూనే ఉన్నాను. హౌన్స్‌ఫీల్డ్ పేరు పెట్టిన కొలమానంలో గాలి మైనస్ 1000, నీరు సున్నా. గాలితో నిండిన ఊపిరితిత్తి అందుకే నల్లగా కనిపిస్తుంది, గాలి గదుల్లోకి నీరు చేరినకొద్దీ తెల్లబడుతుంది. నా మొదటి ఫిల్ములో స్నానాలగది కిటికీకి వేసే గరుకు అద్దం వంటి పలుచని మసక ఉంది, దాని వెనుక రక్తనాళాల గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. డాక్టర్లు దాన్ని గ్రౌండ్ గ్లాస్ అంటారు. రెండో ఫిల్ములో వీపు వైపు ఆ గీతలు కూడా కనిపించనంత తెల్లగా గడ్డకట్టినట్టు ఉంది, దాన్ని కన్సాలిడేషన్ అంటారు. ఇన్నేళ్లు బోర్డు మీద రాసిన అంకెలు నా ఛాతీలోనే అలా కనిపించేసరికి నోట మాట రాలేదు.

జబ్బు ఎక్కువగా వీపు వైపే ఉండటం వల్ల, బోర్లా పడుకుంటే ఆ భాగాల మీద ఒత్తిడి తగ్గి గాలి బాగా ఆడుతుందని ఆమె చెప్పింది. నిమిషానికి ఆరు లీటర్ల ఆక్సిజన్‌తో 92 దగ్గర ఆగిన అంకె, బోర్లా పడుకున్న అరగంటకు 96 అయింది. పొత్తికడుపు కింద దిండు, ఛాతీ కింద దిండు పెట్టుకుని పగలూ రాత్రీ అలాగే గడిపాను. స్టెరాయిడ్ ఇంజెక్షన్ అప్పుడే మొదలుపెట్టారు. గడ్డలు ఏర్పడే సూచననిచ్చే డీ-డైమర్ రక్తపరీక్షలో అంకె పెరిగిందని, రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్ ఇచ్చారు. మామూలు స్కాన్‌లో నాళంలోని గడ్డలు తెలియవని, అనుమానం బలపడితే రంగుమందు ఎక్కించి వేరే స్కాన్ తీయాలని చెప్పారు గానీ నాకు ఆ అవసరం రాలేదు.

నా పక్క మంచం మీద నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక రైతుకు స్కోరు 18. ఆయన నాకంటే రెండు రోజుల ముందే ఇంటికి వెళ్లాడు. ఎదురు మంచం పెద్దాయనకు స్కోరు తొమ్మిదే, కానీ షుగర్ 400 దాటి ఉండేది. ఆయనను మే 10 రాత్రి వెంటిలేటరు గదికి తీసుకువెళ్లారు, తిరిగి రాలేదు. ఆయన కొడుకు "తొమ్మిదే కద సార్, తొమ్మిదే కద" అంటూ వరండాలో నన్ను పట్టుకుని ఏడ్చాడు. అతనికి నేను చెప్పగలిగింది ఏమీ లేకపోయింది.

మే 12న లాక్‌డౌన్ వచ్చింది. ఉదయం ఆరు నుంచి పది దాకా ఉన్న సడలింపులోనే నా భార్య జావ తెచ్చి ఇచ్చి వెళ్లేది. 15న నన్ను డిశ్చార్జి చేశారు. వెళ్లేముందు మళ్లీ స్కాన్ తీస్తారా అని అడిగితే డాక్టరు వద్దన్నది: మనిషి కోలుకున్న తర్వాత కూడా ఫిల్ములో మచ్చలు వారాల తరబడి ఉంటాయి, వాటిని చూసి బెంగపడటం తప్ప ఒరిగేది లేదు.

ఇంటికి వచ్చాక స్నానం చేసి బట్టలు వేసుకునేసరికే మంచం మీద కూలబడేవాడిని. జూన్ అంతా గదిలోనే నడిచాను, జులైలో భద్రకాళి బండ్ మీద కొద్దికొద్దిగా నడక పెంచాను. మెట్లెక్కితే దగ్గు ఆగకపోవడంతో, మా జిల్లా పేరు హన్మకొండగా మారిన ఆగస్టులో ఆ డాక్టరే మూడో స్కాన్ రాసింది. మసక దాదాపు పోయింది, కుడి కింది లోబ్ అడుగున రెండు సన్నని చారలు మిగిలాయి. ఫైబ్రోసిస్, అంటే ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడటం, అన్న మాట చదివి నేను బెదిరితే, నెలలు గడిచేకొద్దీ ఇలాంటి చారలు చాలామందిలో పలచబడతాయని, దగ్గు తగ్గుతూ నడిచే దూరం పెరుగుతూ ఉంటే మళ్లీ ఫిల్ము అవసరం లేదని చెప్పింది. దసరా నాటికి దగ్గు పోయింది.

మూడు ఫిల్ములూ మా ఇంటి బీరువాలో ఉన్నాయి. కవర్ల మీద స్కోర్లు రాయలేదు. మొదటి దాని మీద "జ్వరం మూడో రోజు, ఆక్సిజన్ 97" అని, రెండో దాని మీద "తొమ్మిదో రోజు, నడిస్తే 89" అని, మూడో దాని మీద "మూడున్నర నెలలు, బండ్ మీద నాలుగు కిలోమీటర్లు, 97" అని రాసి పెట్టాను.