ముగ్గురు పాడితే చాలు

విశ్వవిద్యాలయ సంగీత శాఖకు బయటి నుంచి విద్వాంసులు వస్తున్నారంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. వాళ్లు చేయబోయేది సోదాహరణ ప్రసంగమా (పాడి చూపిస్తూ మాట్లాడటం), మాస్టర్ క్లాసా (విద్యార్థుల పాటను అందరి ముందూ దిద్దడం), కూర్చోబెట్టి ఒక కృతి నేర్పించడమా? ‘అన్నీ కొంచెం కొంచెం’ అనుకుంటే రెండు గంటలు హాయిగా గడిచిపోతాయి, చేతికి మాత్రం ఏమీ మిగలదు.

మాస్టర్ క్లాసైతే తొంభై నిమిషాలకు ముగ్గురు విద్యార్థులు. అంతకు మించి వద్దు. ఆరుగురికి అవకాశమివ్వమని ఒత్తిడి తప్పకుండా వస్తుంది. ఇస్తే ఒక్కొక్కరికి దక్కేది పదిహేను నిమిషాలు. సంగతులన్నీ (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరులు) వేసి కృతి మొత్తం పాడటానికే ఎనిమిదో పదో పోతాయి. ఇక ‘బాగుంది, ఇంకా సాధన చెయ్యి’ అనడం తప్ప ఆ పెద్దాయన మాత్రం ఏం చేయగలడు? ముగ్గురైతే తలా పాతిక నిమిషాలు: పల్లవి, అనుపల్లవి మాత్రం పాడటానికి ఐదు, ఒకటి రెండు చోట్ల దిద్దడానికి పదిహేను, దిద్దినదాన్ని మళ్లీ పాడటానికి ఐదు. మిగిలిన పావుగంట ప్రశ్నలకు. సమయం మించితే ముందుగా ఎగిరిపోయేది ఆ చివరి ఐదు నిమిషాలే. పాఠం ఎక్కిందో లేదో తెలిసేదీ అందులోనే.

తోడి రాగంలో గాంధారమే (గ స్వరం) తీసుకోండి. దాన్ని రిషభ మధ్యమాల (రి, మ) మధ్య ఊపాలి, అదే అక్కడి గమకం. తొందరగా కదిపేస్తే గమకం కాదు, గొంతు వణుకులా వినిపిస్తుంది. కాలాన్ని సగానికి దించి, తాళం వేయిస్తూ, ఒక్కో అక్షరకాలంలో (తాళంలో ఒక్కో లెక్కలో) ఆ ఊపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో విడదీసి పాడించి, మళ్లీ మామూలు కాలానికి తెస్తే తేడా గదిలో వెనక బెంచీ వరకూ తెలుస్తుంది. ఇంత చిన్న ముక్క మీద పావుగంట పెట్టగలిగేది ముగ్గురే ఉన్నప్పుడు.

1971-72లో న్యూయార్క్ జూలియార్డ్ స్కూల్లో ఒపెరా గాయని మరియా కలాస్ ఇచ్చిన మాస్టర్ క్లాసుల్లో పాడినవాళ్లు ముందే ఎంపికైనవాళ్లు; మిగతావాళ్లు హాల్లో కూర్చుని విన్నారు. వినడమూ చదువే, చేతిలో నొటేషన్ ఉంటే. అందుకే ప్రతులు శ్రోతలకూ పంచాలి, ఆవర్తాలకు (తాళం ఒక్కో చుట్టుకు) వరుస నంబర్లు వేసి. ‘అనుపల్లవి మూడో ఆవర్తం’ అనగానే అందరి వేళ్లూ ఒకే చోటికి వెళ్లాలి.

అసలు చిక్కు పాఠాంతరంతో, అంటే ఒకే కృతిని ఒక్కో గురుపరంపర ఒక్కో తీరుగా పాడటంతో. విద్యార్థి ఒక పరంపర పాఠం పాడతాడు, వచ్చినవారిది మరొకటి. సంగతి వేరుగా వినబడగానే చెయ్యి ఊరుకోదు, దిద్దేస్తారు. ఇరవై నిమిషాలు దానికే అయిపోతాయి. విద్యార్థి చేసిన తప్పేమీ లేదు, అయినా తప్పు చేసిన మొహంతో లేచిపోతాడు. మర్నాడు శాఖలో మాస్టారు మళ్లీ పాతదే పాడిస్తారు. దీనికి మందు ముందుగా పంపే కాగితాల్లోనే ఉంది. కనీసం రెండు వారాల ముందు నొటేషన్, రికార్డింగు పంపి, ఇది ఎవరి దగ్గర చెప్పుకున్న పాఠమో రాయాలి. ‘సంగతులు మార్చకుండా గమకం, కాలప్రమాణం, సాహిత్యం విరుపు చూడండి’ అని విన్నవించుకోవాలి. మొహమాటపడాల్సిన పనిలేదు, చాలామందికి ఈ మాట చెబితేనే సుఖం.

పాడే వరుస వేయాల్సింది శ్రుతిని బట్టి, సీనియారిటీని బట్టి కాదు. ఐదున్నర శ్రుతికి (అంకె ఎంత పెద్దదైతే శ్రుతి అంత పైన) పాడే అమ్మాయి తర్వాత ఒకటిన్నర అబ్బాయి, మళ్లీ ఐదు అంటే మృదంగం వాయించేవారికి నరకం. ఒక మృదంగం అంత దూరం సాగదు, రెండు కావాలి. వయొలిన్ తీగలు అంతంత మార్చితే వెంటనే నిలవవు, జారుతూనే ఉంటాయి. దగ్గర దగ్గర శ్రుతులవాళ్లను పక్కపక్కన వేస్తే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. ఏసీ గదైతే వాద్యాలు గంట ముందే లోపలికి చేరాలి; పొడి గాలికి మృదంగం మూతల చర్మం బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది. వీణను వేడెక్కే స్టేజి లైట్ల కింద పెట్టకండి, మెట్లు నిలిచేది మైనం మీదే.

సోదాహరణ ప్రసంగం దారి వేరు. అక్కడ చెడేది ఉదాహరణలు పొడుగైపోవడం వల్ల. గంట ప్రసంగానికి ఆరేడు ఉదాహరణలు, ఒక్కొక్కటి నిమిషంన్నర రెండు నిమిషాలు. ఆ జాబితా ముందే అడిగి తీసుకుంటే పక్కవాద్యాలవారూ సిద్ధంగా ఉంటారు. లేకపోతే మొదటి రాగం ఆలాపనే ఇరవై నిమిషాలై, చెప్పదలచిన విషయం చివరి పది నిమిషాల్లో ఇరుక్కుంటుంది. (కచేరీగా చూస్తే అదేం నష్టం కాదనుకోండి.) మైకు సంగతి: మాటకు, పాటకు రెండు వేరుగా పెట్టి, మాట మైకులో రివర్బ్ (మిషను కలిపే ప్రతిధ్వని) పూర్తిగా తీసేయమని సౌండు చూసే అబ్బాయికి చెప్పాలి. కచేరీ అలవాటుతో రెండింటికీ అదే ఉంచేస్తాడు. పాట బాగానే ఉంటుంది, మాట ముద్దగా వస్తుంది.

రికార్డింగుకు రాతపూర్వక అనుమతి తీసుకునేటప్పుడు శాఖ గ్రంథాలయానికి ఒకటి, యూట్యూబ్‌కు ఒకటి, విడివిడిగా అడగండి. మొదటిదానికి సరేనన్నవాళ్లందరూ రెండోదానికి ఒప్పుకోరు. పాడిన విద్యార్థుల అనుమతీ కావాలి. తప్పులు దిద్దించుకుంటున్న వీడియో ఊరంతా చూడటం అందరికీ ఇష్టముండదు.

వారం తిరిగేలోగా శాఖ మాస్టారు ఆ ముగ్గురినీ కూర్చోబెట్టి, రికార్డింగు వినిపించి, అదే ముక్క పాడించాలి. వచ్చినవారు సంగతి మార్చి ఉంటే రెండు పాఠాలూ ఒకే కాగితం మీద పైన ఒకటి, కింద ఒకటి రాసి ఫైల్లో పెట్టండి. వచ్చే ఏడాది రాబోయేవారికి పంపే కాగితాల్లో అదీ ఉండాలి.