మొయినాబాద్ రోడ్డు మీద మొక్కల కోసం ఒక పొద్దున

కిందటేడాది మే నెలలో మా వీధిలోకి వచ్చిన తోపుడు బండి దగ్గర, విరగబూసి ఉన్నాయని ఆరు గులాబీలు కొన్నాను. నెల తిరక్కుండానే ఐదు ఎండిపోయాయి. నీళ్లు ఎక్కువయ్యాయా, ఎండ ఎక్కువయిందా అని ఒకటే టెన్షన్. చివరికి ఒక కుండీ బోర్లించి చూస్తే వేళ్ల చుట్టూ రాయిలా గట్టిపడిన జిగటమట్టి ముద్ద, రోజూ నేను పోసిన నీళ్లన్నీ దాని పక్కనుంచి జారిపోయాయే తప్ప లోపలికి దిగనే లేదు. "ఇది మా వైపు ఒండ్రుమట్టేనే అమ్మాయ్" అంది అమ్మ. అమ్మ పుట్టిల్లు కడియం పక్క పల్లె. అక్కడి నర్సరీల నుంచి హైదరాబాద్‌కే కాదు, ఎక్కడెక్కడికో లారీల్లో మొక్కలు వెళ్తాయి. ఆ మట్టిది తప్పేం లేదు, గోదావరి గాలిలో తేమకు సరిపోతుంది, మెహదీపట్నంలో మా మేడ మీది ఎండకు మాత్రం ఇటుకైపోతుంది.

అందుకే ఈసారి తొందరపడకుండా మృగశిర కార్తె వచ్చి రెండు వానలు పడేదాకా ఆగాం. ఆదివారం పొద్దున్నే ఆరున్నరకి, వెనక సీటు మీద పాత దుప్పటి పరుచుకుని, నాలుగు అట్టపెట్టెలు వేసుకుని బయల్దేరాం. లంగర్‌హౌస్, అప్పా జంక్షన్, హిమాయత్‌నగర్ ఊరు దాటి మొయినాబాద్. అది దాటాక చేవెళ్ల వైపు రోడ్డుకు రెండు పక్కలా మర్రిచెట్లు, ఊడలతో సహా. రోడ్డు వెడల్పులో ఇవి పోకూడదని కోర్టు దాకా వెళ్లినవాళ్లున్నారు, వాళ్ల గురించి ఎంత చెప్పుకున్నా తక్కువే. కాసేపు కారాపి ఆ నీడలో ఫ్లాస్కులో తెచ్చుకున్న టీ తాగాం.

మొదట ఆగిన నర్సరీ చూడ్డానికి ఎంతో బాగుంది, రంగురంగుల కుండీలు, ఎటు చూసినా పూలే. ఈ మొక్కలు ఎప్పుడొచ్చాయని అడిగితే, రాత్రే దిగాయని గొప్పగా చెప్పారు. లారీ దిగిన మర్నాడే మొక్కను ఇంటికి తెచ్చుకుంటే ఆ ప్రయాణపు దెబ్బ మన దగ్గర బయటపడుతుంది. దండం పెట్టి వచ్చేశాం. రెండో చోట అంతా గ్రీన్ నెట్ కిందే పెరిగింది, ఎండ మొహం చూడని మొక్కలు.

మూడోది చిన్నది, బోర్డు కూడా సరిగ్గా లేదు. కానీ వెనక పెంటకుప్ప ఉంది, వరసగా నల్ల కవర్లలో గుచ్చిన మందారం కొమ్మలు చిగురేస్తున్నాయి, సగం మొక్కలు ఆరుబయట ఎండలోనే ఉన్నాయి. అమ్మ నా చెయ్యి నొక్కింది. అక్కడి పెద్దాయన్ని, కవరు విప్పి వేరు చూపిస్తారా అని కాస్త మొహమాటపడుతూనే అడిగాను. ఆయన ఏమీ అనుకోలేదు, మొదలు దగ్గర రెండు వేళ్ల మధ్య పట్టి మందారాన్ని తలకిందులు చేసి కవరు లాగారు. ఎర్రమట్టి, పొడిపొడిగా, తెల్లటి వేళ్లు అంచుల దాకా వచ్చి ఉన్నాయి, గుండ్రంగా చుట్టుకోలేదు. "పువ్వు చూసి కొనకుండ్రి అమ్మా, చిగురు చూసి కొనుండ్రి" అన్నారు.

నిమ్మ దగ్గర చాలాసేపు నిలబడ్డాం. గింజ మొక్క చవక, కానీ కాయకి ఏళ్లు పడుతుంది. కుండీలోకి అంటు మొక్కే తీసుకోమన్నారాయన. గులాబీకైతే అంటు ముడి ఎక్కడుందో వేలితో తాకించి, దాని కింద నుంచి వచ్చే కొమ్మ అడవి గులాబీది, చూసిన వెంటనే తీసేయాలని చెప్పారు. మందారం ఆకుల కింద తెల్లటి పిండినల్లి పురుగు ఉందేమోనని అమ్మ ఒక్కో ఆకూ తిప్పి చూసింది. రెండు మొక్కలకు కనిపించింది, ఆయనే వాటిని పక్కన పెట్టించారు. ఆ ఒక్క పనితో నాకు ఆయన మీద పూర్తిగా గురి కుదిరింది.

రెండు మందారాలు, ఒక అంటు నిమ్మ, బొండుమల్లె, కరివేపాకు, ఒకే ఒక్క గులాబీ. వీటిలో ఒక్కదానికీ పువ్వు లేదు. బేరం ఆడలేదు, ఆడాలనిపించలేదు. తిరుగు ప్రయాణంలో గాలికి ఆకులు వాడిపోతాయని అద్దాలు పూర్తిగా ఎత్తేసి ఏసీ వేసుకుని వచ్చాం, కారంతా తడిమట్టి వాసన.

రాగానే కుండీల్లోకి మార్చలేదు. ఐదు రోజులు మెట్ల దగ్గర నీడలో ఉంచి, తర్వాత ఎర్రమట్టి, వర్మీ కంపోస్ట్, కొంచెం కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) కలిపి సాయంత్రం పూట నాటాం. ఇవాళ్టికి మూడు వారాలు. గులాబీకి ముడి పైనుంచి ఎర్రటి చిగురు వచ్చింది, అమ్మ పొద్దున్న లేవగానే కాఫీ కంటే ముందు అక్కడికే వెళ్తోంది. పారిజాతం అప్పుడు చిన్నదిగా ఉందని తీసుకోలేదు, వినాయక చవితి లోపల మళ్లీ వెళ్లి తెచ్చుకోవాలి.