చిప్పర్‌కు బయానా ఇచ్చిన రాత్రి

చెట్ల కొమ్మలను పొట్టు చేసే చిప్పర్ అనే యంత్రానికి, పాతదానికే, ఇరవై వేలు బయానా ఇచ్చి వచ్చాను. రెండేళ్లుగా మా ఇంట్లో ఏ మాట మొదలైనా చివరికి చిప్పర్ దగ్గరికే వచ్చి ఆగేది కనుక, ఈ రాత్రి నేను హాయిగా నిద్రపోతూ ఉండాలి. పదకొండున్నర దాటినా కన్ను మూతపడడం లేదు. మధ్యాహ్నం గాజువాక అవతల ఆ షెడ్డులో అడుగు పెట్టగానే ఇంజను మీద అరచేయి ఆనించి చూశాను. అది వేడిగా ఉంది.

మేము ఫలానా వేళకు వస్తామని పొద్దున్నే ఫోను చేసి చెప్పాము. పాత డీజిల్ ఇంజను కొనేటప్పుడు అది పూర్తిగా చల్లబడి ఉండగా, మన కళ్లెదుటే స్టార్టు కావాలి. ఎన్నిసార్లు సెల్ఫు కొడితే అందుకుంటుందో, మొదటి నిమిషంలో ఏ రంగు పొగ వదులుతుందో అప్పుడే తెలుస్తుంది. నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోందని, తెల్ల పొగ ఎంతకీ తగ్గకపోతే కంప్రెషన్ పడిపోయిందనో నాజిళ్లు పాడయ్యాయనో అనుమానించవచ్చు. ముందే వేడెక్కించిన ఇంజను ఈ లోపాలన్నీ కడుపులో దాచుకుంటుంది. అమ్మే ఆయనను అడిగితే, "బ్యాటరీ చార్జింగు కోసం కాసేపు తిప్పామండీ" అన్నాడు. మా బావమరిది అందుకుని, "పోనీలే బావా, స్టార్టయింది కదా" అన్నాడు. అమ్మే మనిషి తన సరుకును వెనకేసుకు రావడం సహజమే. కొనేవాడి పక్కన నిలబడ్డ మనిషి కూడా అటువైపు మాట్లాడడం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

పైగా యంత్రమంతటికీ కొత్తగా పసుపు రంగు కొట్టించారు. రంగు కొట్టడం తప్పు కాదు, కానీ గ్రీజు ఎక్కించే మూతుల (నిపుల్స్) మీద కూడా రంగు పడింది, అంటే రంగు వేసిన తరువాత వాటిలోకి గ్రీజు గన్ను పెట్టిన వాళ్లు లేరు. యంత్రం ఎన్ని గంటలు నడిచిందో చెప్పే అవర్ మీటరు 612 గంటలు చూపిస్తోంది. కొమ్మలు పెట్టే తొట్టి అంచు మాత్రం పసుపు రంగు కింద లోపలికి అరిగి, వేలు పెడితే గిన్నె అంచులా నునుపుగా తగిలింది. కొమ్మను లోపలికి లాగే రోలర్ల పళ్లు మొనలు పోయి గుండ్రంగా అయ్యాయి. ఆరువందల గంటలకు ఇంత అరుగుదల ఉంటుందా అని అడిగితే సమాధానం రాలేదు. కొమ్మలను నరికే బ్లేడ్లు లోపల తిరిగే డ్రమ్ముకు ఉంటాయి, దాని మూత తీసి చూపించమంటే తాళంచెవి ఇంట్లో ఉండిపోయిందన్నాడు. చిప్పర్‌కు బ్లేడ్లు, వాటిని పట్టుకున్న బోల్టులు, బ్లేడుకు ఎదురుగా కదలకుండా ఉండే కింది పట్టీ, ఆ రెంటి మధ్య ఉండే సన్నటి సందు, ఇవే ప్రాణం. అవి చూడకుండా ఆరున్నర లక్షల యంత్రానికి బయానా ఇచ్చానంటే తప్పు నాది, అందులో వాదన లేదు. కానీ ఆ తాళం మాట అతను అంత తేలికగా అనేసిన తీరు తలుచుకుంటే మళ్లీ ఒళ్లు మండుతోంది.

మంచి కూడా చెప్పాలి. మణికట్టు లావున్న నిద్రగన్నేరు కొమ్మను అందించగానే రోలర్లు దాన్ని లోపలికి లాగేశాయి, ఆకులతో సహా నాలుగైదు క్షణాలలో అవతలి గొట్టంలోంచి అది పొట్టుగా ఎగజిమ్మింది. పచ్చి చెక్క వాసన షెడ్డంతా నిండింది. ఆ పొట్టు గుప్పెడు తీసుకుని మా ఆవిడకు చూపించాలని జేబులో వేసుకున్నాను, ఇప్పుడు ఈ బల్ల మీదే ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చిపెట్టిన మరునాటి నుంచి వీధుల్లో పడిన చెట్లు కోసి తీస్తూ ఈ పనిలోకి వచ్చినవాణ్ణి నేను. ట్రాలీ నిండా కొమ్మలు కట్టుకుని కాపులుప్పాడ చెత్త యార్డు దాకా వెళ్లినప్పుడల్లా మేము మోస్తున్నది సగానికి పైగా గాలే. అదే కొమ్మలను అక్కడికక్కడే పొట్టు చేస్తే నాలుగు ట్రాలీల సరుకు ఒక్క ట్రాలీలో సర్దుకుంటుంది, సబ్బవరం వైపు మామిడి తోటల వాళ్లు మొదళ్లలో పరచడానికి ఆ పొట్టునే అడుగుతున్నారు కూడా.

అసలు సంగతికి వస్తాను. తొట్టి పైభాగాన, మనిషి రొమ్ము ఎత్తులో, అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. దాన్ని నెడితే రోలర్లు ఆగిపోతాయి. కొమ్మతో పాటు మనిషి చేయో, చొక్కానో లోపలికి పోతే ఆపడానికి ఉన్న ముఖ్యమైన ఆధారం అదే. ఇటువంటి యంత్రాలలో రోలర్లు కొమ్మను సెకనుకు అడుగున్నర చొప్పున లాగుతాయి, అంటే "ఆపు" అని అరిచేలోపు మోచేయి దాకా వెళ్లిపోతుంది. ఇంజను ఆపినా బరువైన డ్రమ్ము చాలాసేపటి వరకు తన ఊపున తాను తిరుగుతూనే ఉంటుంది. ఆ కడ్డీని ఈ యంత్రంలో ఎడమ పక్కన బైండింగ్ వైరుతో కట్టేశారు. మూడు చుట్లు చుట్టి, చివర కటింగ్ ప్లేరుతో మెలిపెట్టి, ఆ మెలిక గుచ్చుకోకుండా లోపలికి వంచారు కూడా. రంగు కొట్టిన మనిషి వైరును విప్పకుండా దాని మీదుగానే కొట్టాడు. "కొమ్మలు తగిలి ఊరికే ఆగిపోతుందండీ, పని సాగదు, అందుకే కట్టాం" అని అతను చెప్పినప్పుడు నేను తల ఊపాను. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆ పసుపు రంగు మెలిక మళ్లీ కళ్ల ముందుకు వచ్చింది.

అనకాపల్లి పక్కన మా తాతగారి చెరకు గానుగ గురించి ఇంతకు ముందు రాశానో లేదో గుర్తు లేదు. సంక్రాంతి రోజుల్లో సెలవులకు వెళితే రాత్రంతా గానుగ ఆడేది. ఒక పక్క ఆయిలింజను డబడబలాడుతుంటే, దాని నుంచి పొడవాటి పట్టా బెల్టు గానుగ దాకా సాగేది. గానుగ ముందు ఒకాయన చెరకు గడలను రెండేసి మూడేసిగా రోలర్ల మధ్యకు అందిస్తుండేవాడు. రసం కాలువ వెంట తొట్టిలోకి, తొట్టిలోంచి పెనంలోకి వెళ్లేది. పొయ్యిలో ఎండిన పిప్పి భగభగ మండేది. పాకం పొంగి తేరుకునే వేళ వచ్చే వాసనకు చలి కూడా మరిచిపోయేవాళ్లం, దిమ్మలు పోయకముందు అరటాకు ముక్కలో వేడి బెల్లం పెట్టించుకుని ఊదుకుంటూ తినేవాళ్లం. పిల్లలందరూ పొయ్యి దగ్గర ఉంటే నన్ను మాత్రం తాత ఇంజను పక్కన కూర్చోబెట్టేవారు. నా చేతిలో ఒక కర్ర ఉండేది. గానుగ కప్పీ పక్కనే ఖాళీగా తిరిగే కప్పీ మరొకటి ఉండేది, కర్రతో ఒక్క నెట్టు నెడితే పట్టా దాని మీదికి జారి గానుగ నిలిచిపోయేది. చెరకు అందించే ఆయన చేతుల మీది నుంచి చూపు తిప్పకుండా కూర్చోవడమే నా పని. ఆ చేతులు రోలర్ల దగ్గరకు మరీ వెళ్లినా, ఆయన తూగినా పట్టా నెట్టేయాలి. అన్ని రాత్రులలోనూ నేను పట్టా నెట్టవలసిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. చెల్లాయి వాళ్లు వేడి బెల్లం తింటుంటే ఉత్త పుణ్యానికి నన్ను చలిలో కూర్చోబెట్టారని తాత మీద ఎంత కోపంగా ఉండేదో చెప్పలేను.

ఒక రాత్రి నేను నిద్రపోయాను. ఏమీ జరగలేదు, చెరకు అందించే ఆయన అందిస్తూనే ఉన్నాడు. తాత అటుగా వచ్చి, నా చేతిలోంచి జారిన కర్ర తీసుకుని, తానే పట్టా నెట్టి గానుగ ఆపేశారు. నన్ను తిట్టలేదు, లేపను కూడా లేదు. గానుగ మీద చూపు పెట్టడానికి మెలకువగా ఉన్న మనిషి మరొకరు లేరని, తెల్లవారేదాకా ఆడేది లేదని పనివాళ్లకు చెప్పి చుట్ట వెలిగించుకున్నారట. తొట్టిలో నిలిచిన రసం తెల్లారేసరికి పులిసి పారబోయవలసి వచ్చింది. రెండు పెనాల రసం పోయిందని అమ్మ ఇప్పటికీ అంటుంది, నాకు మాత్రం ఒక్క పెనమనే గుర్తు. ఎన్ని పెనాలైనా, బెల్లం ధర బాగున్న ఏడాదిలో అది చిన్న నష్టం కాదు.

ఇక్కడిదాకా రాశాక, మొదట్లో రాసిన కోపం ఎక్కడికో పోయింది. ఈ టపా మొదలుపెట్టినప్పుడు రేపు వెళ్లి బయానా వెనక్కి అడగాలనే అనుకున్నాను. వేడి ఇంజను గొడవకు విరుగుడు ఉంది. రింగులు పోయి ఉంటే ఆటోనగర్‌లో మార్పించవచ్చు, ఆ ఖర్చు బేరంలో తగ్గించమనవచ్చు. అరిగిన రోలర్ పళ్లకు వెల్డింగు పెట్టించవచ్చు. వైరు ఎందుకు కట్టారన్నదే ఆలోచించవలసిన విషయం. కడ్డీ నిజంగా ఊరికే ఆగుతూ ఉంటే దాని వాల్వులోనో స్ప్రింగులోనో లోపం ఉంది, అది బాగుచేయదగ్గదే. అది సవ్యంగానే ఉండి, ట్రాలీల లెక్కన కూలి ఇస్తున్నారు కనుక ఆగిన ప్రతిసారీ డబ్బు పోతోందని పనివాళ్లే కట్టుకుని ఉంటే, రేపు మా పనివాళ్లు కూడా నేను లేనప్పుడు అదే చేస్తారు. వాళ్లను తప్పు పట్టలేను, మేమూ ట్రాలీకి ఇంత అనే లెక్క కడుతున్నాము.

అందువల్ల చిప్పర్ నడిచే రోజున రోజు కూలి తప్ప ట్రాలీ లెక్క ఉండకూడదు. కొమ్మలు అందించే మనిషి కాక, కడ్డీ పక్కన వేరే మనిషి నిలబడాలి, వంతుల మీద నిలబడినా సరే. ఒక మనిషి కూలి అదనంగా ఎందుకని బావమరిది రేపు లెక్కలు తీస్తాడని నాకు తెలుసు. ఆ మనిషి రోజంతా ఏమీ చేయకుండా నిలబడ్డట్టే కనిపిస్తాడు కూడా. ఆ కూలి కూడా గిట్టే ధరకు యంత్రం వస్తేనే కొంటాను, లేకపోతే ఇరవై వేలు వదులుకుంటాను. మా ఆవిడకు ఈ మాట ఇంకా చెప్పలేదు.

మెకానిక్ బాబాయికి మెసేజ్ పెట్టాను, బోల్టుల బిగువు చూసే టార్క్ రెంచి, సన్నటి సందు కొలిచే ఫీలర్ గేజి తెస్తానన్నాడు. మూత తాళంచెవి అమ్మే ఆయన ఇంట్లోనే ఉందన్నాడు కనుక దారిలో ఆగి అడిగి తీసుకుంటాము. డ్రమ్ము పూర్తిగా నిలిచాక మూత తీసి, బ్లేడు బోల్టులు ఒక్కొక్కటీ చూసి, చేత్తో డ్రమ్ము ఊపి బేరింగులు ఆడుతున్నాయేమో పట్టి చూడాలి. వైరు మాత్రం అమ్మే ఆయన చేతే తెంపించాలి, తెంపిన తరువాత కొబ్బరి మట్టలు వేసి గంటసేపు నడిపించాలి. పీచు షాఫ్టుకు చుట్టుకుంటుందా, కడ్డీ ఊరికే ఆగుతుందా, రెండూ అప్పుడే తేలుతాయి. నాలుగున్నరకు అలారం పెట్టాను. షెడ్డు ఆరింటికి తెరుస్తారు, వస్తున్నామని ఈసారి ఫోను చేయడం లేదు.