జీవో 111: నీటి వాటా లెక్కతో తేలే విషయం కాదు

హైదరాబాదు జంట జలాశయాలకు రక్షణగా, వాటి చుట్టూ పరిశ్రమలను, కాలనీలను నిషేధిస్తూ వెలువడిన ప్రభుత్వ ఉత్తర్వు జీవో 111ను ఎత్తివేయాలని వాదించేవారు ప్రధానంగా ఒకే కారణం చెబుతారు. నగరం ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు తాగుతోంది కనుక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల అవసరం తీరిపోయిందన్నది ఆ కారణం. 2022 ఏప్రిల్‌లో వెలువడిన జీవో 69 కూడా నగర సరఫరాలో వీటి వాటా 1.25 శాతం లోపేనని చూపి, పాత ఆంక్షలను తొలగించింది. పౌర సంఘాలు ఈ లెక్కకు లెక్కతోనే జవాబు చెప్పబోవడం సరికాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఎందుకంటే ఈ జలాశయాల ఆలోచన పుట్టిందే వరద నుంచి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల ప్రాణాలను బలిగొన్న తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు, 1920లో గండిపేట వద్ద మూసీపై ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ నదిపై హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మంచినీరు ఇవ్వడం ఎంత ముఖ్యమో, నగరానికి ఎగువన వరదను ఆపి నిలపడం కూడా అంతే ముఖ్యమైన పని. పరీవాహక ప్రాంతంలోని పొలాలు, బీళ్లు కాంక్రీటు కింద కప్పబడితే, నేలలో ఇంకవలసిన వాన ఒక్కసారిగా జలాశయాల మీద పడుతుంది, గేట్లు ఎత్తక తప్పదు. 2025 సెప్టెంబరు చివర్లో అలా వదిలిన నీటితో మూసీ ఉప్పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌ను ముంచెత్తింది. ఆ రోజున కుళాయి నీటిలో వాటా ఎంతన్న ప్రశ్నకు అర్థమేముంది?

1996 మార్చి 8 నాటి జీవో 111 పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. పెద్దషాపూర్ వద్ద ఆముదపు నూనె ఆధారిత పరిశ్రమకు ప్రభుత్వమే మినహాయింపు ఇచ్చినప్పుడు, ఒక పర్యావరణ సంఘం కూడా కక్షిదారుగా నిలిచి సుప్రీంకోర్టు దాకా పోరాడింది. ఆ మినహాయింపు చెల్లదని 2000 డిసెంబరులో న్యాయస్థానం తేల్చింది. హాని జరగదని నిరూపించవలసిన భారం పరిశ్రమదేనని అదే వ్యాజ్యంలో స్పష్టం చేసింది. పౌర సంఘాలు ఎత్తి చూపవలసింది ఈ సూత్రాన్నే. ఆంక్షలు తీసివేస్తామనేవారే ముందుగా వరదపై, భూగర్భజలాలపై పడే ప్రభావాన్ని అధ్యయనం చేయించి ప్రజల ముందు పెట్టాలి.

అయితే ఆ గ్రామాల రైతుల మాటను పక్కన పెట్టి ఈ పోరాటం చేయడం న్యాయం కాదు. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ భూమి ధర పెరగక, బిడ్డ పెళ్లికో చదువుకో అమ్ముకోలేక వారు పడిన బాధ నిజమైనది. నగర భద్రత కోసం వారు మోస్తున్న భారానికి నగరం ఇంతవరకు తగిన పరిహారం చెల్లించలేదు. నిబంధనలను దాటి ఫామ్‌హౌస్‌లు కట్టుకున్న సంపన్నులను చూస్తూ, చట్టమంతా తమకేనా అని వారు అడిగితే మన దగ్గర సమాధానం లేదు.

అందువల్ల సంఘాల వినతిపత్రాలలో రెండు డిమాండ్లు కలిసి రావాలి. మొదటిది, పూర్తి నీటిమట్టం హద్దులు, జలాశయాలకు నీరు చేర్చే వాగులు, కాలువలు సర్వే నంబర్లతో సహా తెలుగులో ప్రతి పంచాయతీ కార్యాలయంలోనూ ప్రదర్శించి, గ్రామసభలో అభ్యంతరాలు విన్న తరువాతే ఏ మార్పునైనా చేయాలి. రెండవది, పొలాన్ని పొలంగానే ఉంచే రైతుకు ఏటా నగదు రూపంలో పరిహారం ఇవ్వాలి, దానికి నిధులను దిగువన ఉన్న నగరపాలక సంస్థ బడ్జెట్‌లోనే కేటాయించాలి.