మామయ్యకు స్టెంట్ వేసిన రోజు

పరకాల దగ్గర మా ఊళ్లో జ్వరమొచ్చినా, నొప్పి వచ్చినా మొదట గుర్తొచ్చేది ఆర్‌ఎంపీనే. మామయ్యకు ఛాతీలో నొప్పి మొదలైతే అర్ధరాత్రి తలుపు తీసింది ఆయనే. సూది వేసి పంపేయకుండా, "ఇది నా చేతిలో పని కాదు, వెంటనే హనుమకొండ తీసుకెళ్లండి" అని తేల్చి చెప్పి, తానూ మాతో బయల్దేరాడు. ఆ ఒక్క మాటకు ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాం.

హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. ఆరోగ్యశ్రీ కింద స్టెంట్ వేశారు. 2007లో మొదలైన ఈ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. డబ్బు ప్రభుత్వానిది, వైద్యం ప్రైవేటు డాక్టరుది. మామయ్య లాంటి కౌలు రైతును బతికించింది ఈ ఏర్పాటే. దీన్ని దండగ అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను.

కానీ ఆరోగ్యశ్రీ అనుమతి వచ్చేలోపు పరీక్షలకు, మందులకు అత్తయ్య కొంగుముడి విప్పుతూనే ఉంది. చేతికిచ్చిన చీటీ మీద పరీక్షల పేర్లు ఉన్నాయి, ధరలు లేవు. కౌంటర్లో డబ్బు కట్టేటప్పుడే తెలిసేది. ధరలను స్థానిక భాషలోనూ ఇంగ్లిషులోనూ అందరికీ కనబడేలా పెట్టాలని క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద 2012లో వచ్చిన కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఆ హాల్లో ఎంత వెతికినా అలాంటి పట్టిక కనబడలేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

మీ వాళ్లను తీసుకెళ్తే ముందు ఆరోగ్యశ్రీ రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర ఆసుపత్రిలో ఎక్కడ కూర్చుంటారో కనుక్కోండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి.