గేదెకు పెట్టలేని జొన్న

ఆటోనగర్‌లో మా నాన్న ముప్పై ఏళ్లు లారీ రిపేరు షెడ్డు నడిపారు. ఆయన మానేశాక షెడ్డు వెనకాల నాలుగు సెంట్ల నేల మిగిలింది. నల్లటి నేల, కాకపోతే నల్లరేగడి కాదు. తీసేసిన ఇంజనాయిల్, గేరాయిల్, పార్టులు కడిగిన డీజిల్ అన్నీ అందులోకే పోయాయి. చెంబుతో నీళ్లు పోసి చూస్తే చేమాకు మీద పోసినట్టు బొట్లు బొట్లుగా దొర్లిపోయాయి.

గడ్డి వేస్తే నూనె పీల్చేస్తుందని ఎవరో అంటే నమ్మి దిగాను. నిజానికి మొక్క నూనె తాగేది పెద్దగా ఏమీ ఉండదు. వేళ్ల నుంచి చక్కెరలు, ఆమ్లాలు కొద్దికొద్దిగా ఊరుతుంటాయి. వాటి కోసం చేరే బ్యాక్టీరియానే నూనెను విరగ్గొట్టి తింటుంది. మేతగడ్డి వేళ్లు జుట్టులా దట్టంగా అల్లుకుంటాయి కాబట్టి ఆ బ్యాక్టీరియాకు నీడా, తిండీ, గాలీ దొరుకుతాయి. విదేశాల్లో లూసర్న్, రైగ్రాస్ లాంటి మేత మొక్కలు వేస్తారట. బెజవాడ ఎండలో రైగ్రాస్ మాట మర్చిపోవాల్సిందే! వన్‌టౌన్‌లో మేత జొన్న, పిల్లిపెసర కొన్నాను. పిల్లిపెసర మన డెల్టాలో వరి మాగాణుల్లో చల్లేదే.

జూలైలో చల్లితే అంచుల్లో మాత్రం మొలిచింది. గేర్‌బాక్సులు దించిన నడిమధ్యన ఒక్క గింజా లేవలేదు. మొలిచిన జొన్న కూడా పచ్చకామెర్లు వచ్చినట్టు పాలిపోయింది. నూనెలో కార్బన్ దండిగా ఉంటుంది, నత్రజని మాత్రం నామమాత్రమే. దాన్ని తినే బ్యాక్టీరియా మట్టిలో ఉన్న కాస్త నత్రజనినీ లాగేసుకుంటే జొన్నకు ఏం మిగులుతుంది? రెండోసారి గుల్లగా తవ్వి, మాగిన పశువుల ఎరువు కలిపి, కొంచెం యూరియా వేసి అక్టోబరులో చల్లాను. ఈసారి నడుమెత్తు లేచింది.

ఒక మొక్క పీకి చూశాను. పైన జానెడు మట్టిలో వేళ్లు గుబురుగా ఉన్నాయి. కింద నల్లపొర తగలగానే అన్నీ ఒక పక్కకు తిరిగిపోయాయి, వాసన నచ్చక మొహం తిప్పుకున్నట్టు. అంటే వేరు దిగినంత లోతే బాగు. మిగతాదానికి ఇంకెన్ని పంటలు కావాలో. నడిమధ్య నాలుగడుగుల మేర ఇప్పటికీ బోడిగానే ఉంది.

అసలు చిక్కు పక్కింటి బాబాయ్‌తో వచ్చింది. ఆయనకు రెండు గేదెలు.

"ఏరా అబ్బాయ్, అంత పచ్చిమేత ఎండబెట్టుకుంటావా? రెండు మోపులు కోసుకుంటా."

వద్దన్నాను. వాడేసిన ఇంజనాయిల్‌లో సీసం లాంటి లోహాలు ఉండొచ్చు. బ్యాక్టీరియా నూనెనైతే తింటుంది గానీ లోహాన్ని మాయం చేయలేదు. అది చొప్పలోకి, అక్కడి నుంచి పాలలోకి వస్తే? ఇంత చెప్పినా ఆయనకు నేను పిసినారిలాగే కనిపించాను. కోసినదంతా అక్కడే పరిచాను.

మొన్న పొద్దున్నే చూస్తే కంచె పక్కన ఓ వరుస కొడవలితో శుభ్రంగా కోసేసి ఉంది. ఏమీ అడగలేదు. అమ్మతో మాత్రం చెప్పాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో ప్యాకెట్ పాలే. సాయంత్రం బాబాయ్ అలవాటుగా చెంబు పట్టుకొచ్చి, "పాలెందుకు మానేశారమ్మా?" అని గుమ్మంలో నిలబడ్డాడు.

అమ్మ నా వైపు చూసింది.